పాత గిన్నె కొత్త కిటికీ అవుతుందా?

ఇల్లు బాగుచేయించేటప్పుడు పిల్లలను ఎవరూ సలహా అడగరు. మేస్త్రీతో బేరం నాన్నగారు చేస్తారు. గోడల రంగు సంగతి అమ్మ చూసుకుంటుంది. తాతగారు ఉంటే అన్నిటికీ అడ్డు చెబుతారు. పిల్లలకు మిగిలేది ఇసుక కుప్ప మీద ఆడుకోవటమూ, ఆడుకున్నందుకు తిట్లు తినటమూను.

అయినా కిటికీల మాట వచ్చినప్పుడు మీరు కూడా దగ్గర కూర్చుని వినండి. ఈ మధ్య అల్యూమినియం కిటికీలు అమ్మేచోట ఒక కొత్త మాట వినబడుతున్నది. "ఇది రీసైకిల్డ్ అల్యూమినియం అండీ" అంటారు. అంటే వాడేసిన అల్యూమినియాన్ని కరిగించి తిరిగి చేసినదన్న మాట. ఇది వినగానే పెద్దవాళ్ళు రెండు రకాలుగా ఆలోచిస్తారు. "పాతదా? అయితే నాసిరకం" అని కొందరు; "పాతదా? అయితే చవక" అని కొందరు. రెండూ సరి అయినవి కావు. ఎందుకు కావో తెలియాలంటే ముందు ఈ లోహం పుట్టుక తెలియాలి.

మీ వంటింట్లో అల్యూమినియం గిన్నె ఒకటైనా ఉండే ఉంటుంది. కొందరు దాన్ని సిల్వరు గిన్నె అంటారు, కొందరు సత్తు గిన్నె అంటారు. అందులో వెండీ లేదు, సత్తూ లేదు. భూమి పైపొరలో ఉన్న లోహాలన్నిటిలోకీ ఎక్కువగా ఉన్నది అల్యూమినియమే. ఇనుముకన్న కూడా ఎక్కువ. అయినా ఇనుమూ, రాగీ వేల ఏళ్ళుగా మనిషికి తెలుసుగాని, అల్యూమినియం ముఖం 1825 దాకా ఎవరూ చూడలేదు. ఆ ఏడు డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఓర్‌స్టెడ్ దాన్ని మొదటిసారిగా చిటికెడు వేరు చేశాడు.

ఇంత ఆలస్యం ఎందుకంటే, అల్యూమినియం ఆమ్లజనిని, అంటే ఆక్సిజన్‌ను, పట్టుకున్నదంటే ఒక పట్టాన వదలదు. ఇనుప రాయిని బొగ్గుతో కలిపి కొలిమిలో కాలిస్తే, బొగ్గు ఆమ్లజనిని లాక్కుని ఇనుమును వదిలేస్తుంది. అల్యూమినియం దగ్గర ఈ ఎత్తు పారదు.

అందుచేత మొదట్లో ఈ లోహం మహా ప్రియంగా ఉండేది. 1855లో పారిస్ నగరంలో జరిగిన ప్రదర్శనలో అల్యూమినియం కడ్డీలను వింతగా చూపించారు. ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ గొప్ప అతిథులకు అల్యూమినియం చెంచాలు పెట్టించి, మిగిలినవారికి బంగారు చెంచాలతో సరిపెట్టేవాడని ఒక కథ చెబుతారు. అది కథే కావచ్చు. కాని 1884లో అమెరికావారు వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన పెట్టిన అల్యూమినియం ముక్క మాత్రం నిజం. అది మూడు కిలోల బరువు కూడా లేదు. దాన్ని పైకి ఎక్కించబోయే ముందు న్యూయార్కులో ఒక నగల దుకాణంలో జనం చూడటానికి పెట్టారు!

రెండేళ్ళు తిరిగేసరికి సంగతి తారుమారయింది. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్ అనే కుర్రవాడూ, ఫ్రాన్సులో పాల్ ఎరూ అనే కుర్రవాడూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే ఉపాయం కనిపెట్టారు. విచిత్రమేమిటంటే ఇద్దరూ పుట్టినది 1863లోనే, పోయినది 1914లోనే. హాల్ తన ఇంటి కొట్టంలోనే అక్క జూలియా సహాయంతో ప్రయోగాలు చేశాడు. బాక్సైటు అనే ఎర్రమట్టి రాయి నుంచి అల్యూమినా అనే తెల్లని పొడి వస్తుంది. ఆ పొడి కరగాలంటే వేడి 2,000 డిగ్రీలు దాటాలి. కాని క్రయొలైట్ అనే ఖనిజాన్ని కరిగించి, అందులో ఈ పొడి వేస్తే, నీళ్ళలో పంచదార కరిగినట్టు 950 డిగ్రీల ప్రాంతంలోనే కరిగిపోతుంది. అందులోకి విద్యుచ్ఛక్తి పంపితే అల్యూమినియం అడుగున చేరుతుంది. ఈనాటికీ ప్రపంచమంతటా ఇదే పద్ధతి.

ధర పడిపోయింది. చెంచాలు పోయి గిన్నెలు వచ్చాయి. 1898లో మద్రాసు ఆర్ట్సు స్కూలులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఆయన అల్యూమినియం పాత్రలు చేయించటం మొదలుపెట్టాడు. అప్పుడు మన ఆంధ్ర జిల్లాలు కూడా మద్రాసు రాజధానిలోనివే.

ధర పడిపోయిందిగాని అసలు ఖర్చు ఎక్కడికీ పోలేదు. కిలో కొత్త అల్యూమినియం తీయటానికి సుమారు 14 యూనిట్ల విద్యుత్తు పడుతుంది. నాలుగడుగుల కిటికీ ఒకదానికి ఎనిమిది కిలోల లోహం పట్టిందనుకుందాం. ఎనిమిది పధ్నాలుగులు నూట పన్నెండు. మీ ఇంట్లో 75 వాట్ల ఫ్యాను ఉంటే, 112 యూనిట్లతో అది రాత్రింబవళ్ళు ఆగకుండా 62 రోజులు తిరుగుతుంది. ఇది ఒక్క కిటికీకి! ఇంటికి ఎన్ని కిటికీలున్నాయో మీరే లెక్కపెట్టుకోండి. మన దేశంలో ఈ విద్యుత్తు చాలావరకు బొగ్గు మండించి తీసినదే.

మరి బాక్సైటు మాట? కిలో అల్యూమినియానికి నాలుగైదు కిలోల బాక్సైటు కావాలి. అది ఎక్కడినుంచో రాదు. అరకు లోయకు అవతల, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, పంచపట్మాలి అనే కొండ ఉన్నది. బల్ల పరచినట్టుండే ఆ కొండ నెత్తిన నాలుగు దశాబ్దాలుగా బాక్సైటు తవ్వుతున్నారు. తూర్పు కనుమల్లో ఇలాటి కొండలు ఇంకా ఉన్నాయి. మన విశాఖ మన్యంలోనూ ఉన్నాయి. వానాకాలంలో తాగిన నీటిని ఆ మట్టి ఏడాది పొడుగునా ఊటలుగా వదులుతుందని అక్కడి గిరిజనులు చెబుతారు. అందుచేతనే తవ్వకాల మాట వచ్చినప్పుడల్లా వారు ఎదురు తిరిగారు. ఒడిశాలోని నియమగిరి కొండ సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. కొండ మీది ఊళ్ళవాళ్ళనే అడగమని 2013లో కోర్టు చెప్పింది. ఆ ఏడే 12 ఊళ్ళలో గ్రామసభలు జరిగాయి. ఒక్క ఊరు కూడా ఒప్పుకోలేదు. నియమగిరిని వాళ్ళు దేవుడుగా కొలుస్తారు.

బాక్సైటు నుంచి అల్యూమినా తీయగా మిగిలే ఎర్రని బురద మరొక పెద్ద బెడద. దాన్ని కట్టలు కట్టి నిలవ చేస్తారు. 2010 అక్టోబరులో హంగరీ దేశంలో అలాటి కట్ట ఒకటి తెగి, కోలొంటార్ అనే ఊరి మీద పడింది. పది మంది చనిపోయారు.

ఇప్పుడు పాత అల్యూమినియం ఎందుకు విలువైనదో మీకు తెలిసి ఉంటుంది. దాని ఆమ్లజనిని ఎవరో ఎప్పుడో వదిలించేశారు. ఆ కష్టమంతా అయిపోయింది. ఇక దాన్ని కరిగించటమే పని. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. మొత్తం మీద కొత్త లోహానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతు చాలు. ఇందాకటి లెక్కన చూస్తే ఫ్యాను 62 రోజులకు బదులు మూడు రోజులు తిరుగుతుంది. కొండా తవ్వనక్కరలేదు, బురదా మిగలదు. కరిగించినందువల్ల లోహం ముసలిదైపోదు కూడా. కట్టె కాలితే బూడిదే. అల్యూమినియం పదిసార్లు కరిగినా అల్యూమినియమే.

అయితే దాంతోపాటు కరిగినవి కూడా అందులోనే ఉండిపోతాయి. చిక్కంతా ఇక్కడ ఉన్నది.

పాత సామాన్లవాడి బండిలో ఏమేమి ఉంటాయో చూడండి. సొట్టపోయిన గిన్నె, స్కూటరు ఇంజను ముక్క, కిటికీ బద్ద, మందుల రేకులు, ఇంకా ఏవేవో. అన్నీ అల్యూమినియమే, కాని అన్నీ ఒకటి కావు. ఇంజను ముక్క నూరు కిలోలలో సిలికాన్ ఐదు నుంచి పన్నెండు కిలోల దాకా ఉండవచ్చు. కిటికీ బద్ద నూరు కిలోలలో సిలికాన్ అరకిలో అటూ ఇటూ ఉండాలి. మెగ్నీషియం కిలోలోపు ఉండాలి. ఇనుము 350 గ్రాములు దాటకూడదు. అన్నిటినీ ఒకే మూసలో కరిగిస్తే ఏమవుతుంది? పులుసులో ఉప్పు ఎక్కువయితే దాన్ని ఏరి తీయగలరా? నీళ్ళు పోసి పలచన చేయవలసిందే. అల్యూమినియంలోనూ అంతే. ఎక్కువైన ఇనుమునూ, సిలికాన్‌నూ తీయటం కష్టం. కొత్త లోహం పోసి పలచన చేయాలి. అప్పుడు మళ్ళీ కొండ దగ్గరికే పోవలసి వస్తుంది.

అందుచేత, పాత గిన్నె కొత్త కిటికీ అవుతుందా అంటే, అవుతుంది. కాని దాన్ని ఇంజను ముక్కలతో కలపకుండా వేరు చేసినవాడు ఒకడుంటేనే. కలగలుపు తుక్కు చాలావరకు ఇంజను భాగాల వంటి పోత సామానుకే పోతుంది. కిటికీకి అన్నిటికన్న మంచి ముడిసరుకు పాత కిటికీయే.

కిటికీ బద్ద తయారయ్యే తీరు మీకు కొత్తదేమీ కాదు. జంతికల గొట్టం చూశారు గదా! అడుగున చిల్లుల బిళ్ళ పెట్టి, పైనుంచి పిండిని నొక్కుతారు. బిళ్ళకు నక్షత్రం ఆకారపు చిల్లు ఉంటే నక్షత్రపు జంతిక వస్తుంది. అల్యూమినియం దిమ్మెను 450, 500 డిగ్రీల దాకా కాచి, ఉక్కు బిళ్ళలోనుంచి బ్రహ్మాండమైన బలంతో నొక్కుతారు. గాడులతో, లోపల బోలుగా, పొడుగాటి బద్ద బయటికి వస్తుంది. తరవాత దాన్ని చల్లార్చి, కొన్ని గంటలు సన్నని వేడిలో ఉంచితే గట్టిపడుతుంది. కిటికీ బలం ఈ పాకంలోనూ, బద్ద మందంలోనూ ఉన్నదిగాని, లోహం పాతదా కొత్తదా అన్నదానిలో లేదు.

సరే, కిటికీలు కొనబోతున్నారు. దుకాణానికి పోకముందే ఇంట్లో ఒక ప్రశ్న అడగండి: ఉన్నవాటికి ఏమయింది? టేకు చట్రం గట్టిగా ఉండి, రెక్క ఒకటి వంగిందనుకోండి; వడ్రంగిని పిలిస్తే సరిపోతుంది. చట్రానికే చెదలు పట్టి, గుచ్చితే వేలు దిగేట్టుంటే అది వేరు. మంచి టేకు కిటికీని ఊడబీకి "పర్యావరణం కోసం" అల్యూమినియం పెట్టటం మాకు నచ్చని పని. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనమంటే వినే ఉంటారు. 2010లో దాని 6,514 కిటికీలను బాగుచేసినప్పుడు పాత అద్దాలు పారేయలేదు. ఆ భవనంలోనే ఒక అంతస్తులో చిన్న కార్ఖానా పెట్టి, అద్దాలు విప్పి, కడిగి, నడుమ వేడిని ఆపే పలచని పొర చేర్చి మళ్ళీ బిగించారు. పాత సామానులో నూటికి 96 వంతులు తిరిగి పనికి వచ్చింది. పడగొట్టిన ఇళ్ళ తలుపులూ కిటికీలూ అమ్మే అడితీలు మన పట్నాల్లోనూ ఉన్నాయి. కొలత సరిపోయే అల్యూమినియం కిటికీ అక్కడ దొరికితే, కరిగించే ఖర్చు కూడా ఉండదు.

దొరకలేదు, దుకాణానికే పోయారు. "రీసైకిల్డ్ అండీ" అన్నారు. అప్పుడు అడగవలసింది, "ఏ తుక్కు?" అని. అమ్మ అరిసెలు చేసేటప్పుడు చేతికంటిన పిండిని మళ్ళీ ముద్దలో కలుపుతుంది. ఎవరూ దాన్ని పాత పిండి అనరు. కార్ఖానాలో బద్దలు కోసినప్పుడు మిగిలే ముక్కలు కూడా అలాటివే. వాటిని ఎలాగూ పారేయరు. ఎప్పుడూ మళ్ళీ కరిగిస్తూనే ఉన్నారు. వాటిని లెక్కలో వేసి "నూటికి 75 పాళ్ళు రీసైకిల్డ్" అనేవాళ్ళున్నారు. ఒకరి ఇంట్లో వాడి, పడగొట్టి, తీసుకువచ్చినది ఎంత అన్నదే అసలు లెక్క. నార్వేలోని హైడ్రో అనే కంపెనీ తన సరుకు ఒకదానిలో ఇలా వాడి తీసినదే కనీసం 75 శాతం ఉంటుందని చెప్పి అమ్ముతున్నది. మన ఊరి దుకాణంలో అలాటి కాగితం చూపిస్తే సంతోషం. చూపించలేకపోతే, ఆ మాటకోసం ఎక్కువ డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఎక్కడ కరిగించారన్నది కూడా అడగదగినదే. ఊరి చివర రేకుల పాకలో, రంగులతో, రబ్బరుతో సహా పాత బద్దలను మంటలో వేసి, ఆ పొగలోనే నిలబడి పనిచేసేవాళ్ళున్నారు. ఆ పొగ వాళ్ళకూ మంచిది కాదు, పక్క ఇళ్ళ పిల్లలకూ మంచిది కాదు. మంచి కార్ఖానాలో రంగును ముందే తీసేసి, పొగను శుద్ధి చేస్తారు.

ఇక మిగిలినవి ఏ అల్యూమినియం కిటికీకైనా చూడవలసినవే. బద్ద గోడ మందం ఎంతో కొలిపించండి. కోస్తావారికి ఇది ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు ఎన్ని కిటికీలు పోయాయో అక్కడివాళ్ళను అడిగితే చెబుతారు. సముద్రపు గాలికి పైపూత కూడా గట్టిగా ఉండాలి. అల్యూమినియం తనంతట తానే ఆమ్లజనితో కలిసి పైన ఒక పొర కట్టుకుంటుంది. ఇనుప తుప్పులాగా ఆ పొర రాలిపోదు, అంటిపెట్టుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఆ పొరనే విద్యుత్తుతో మందం చేయటాన్ని ఆనొడైజింగ్ అంటారు. సముద్రతీరపు ఊళ్ళకు అది 25 మైక్రాన్లు ఉండటం మంచిది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. సున్నమూ, తడి సిమెంటూ పడితే మాత్రం ఈ పొర కూడా ఆగదు. గోడ పని అయినదాకా బద్దల మీది ప్లాస్టిక్ పట్టీ పీకవద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పాలి.

వేడి సంగతిలో అల్యూమినియం కొంచెం ద్రోహి. అది టేకుకన్న వెయ్యి రెట్లకు పైగా వేడిని లోపలికి మోస్తుంది. వైశాఖ మాసంలో పడమటి కిటికీ చట్రాన్ని మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఇందుకు బద్ద లోపలివైపునూ బయటివైపునూ విడదీసి, నడుమ ఒక రకం నైలాన్ పట్టీ పెట్టిన కిటికీలు ఉన్నాయి. రాత్రింబవళ్ళు ఏసీ వేసుకునే గదికి అవి మంచివే. ఏసీ లేని గదికి ఆ డబ్బుతో కిటికీ మీద వెడల్పాటి చూరు దింపితే ఎక్కువ చల్లన. ఇంకొకటి: పక్కకు జరిగే కిటికీ నాలుగడుగులున్నా గాలి వచ్చేది రెండడుగులలోనుంచే. రెక్కలు తెరుచుకునేదయితే నాలుగడుగులూ గాలే.

చివరగా, ఈ కిటికీని ముప్పయి, నలభై ఏళ్ళ తరవాత విప్పేదెలాగో అడగండి. దుకాణదారు నవ్వుతాడు. నవ్వనివ్వండి. అప్పటికి ఇల్లు చూసుకునేది మీరే గదా! మరలతో బిగించి, రబ్బరు పట్టీతో అద్దం నిలిపిన కిటికీ తేలిగ్గా విడిపోతుంది. అన్నీ జిగురుతో అతికినది విడిపోదు. నెదర్లాండ్సులోని డెల్ఫ్‌ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంవారు ఐరోపాలో ఆరు దేశాల్లో పడగొట్టిన కట్టడాలను పరిశీలించి, వాటిలోని అల్యూమినియంలో 92 నుంచి 98 శాతం తిరిగి చేతికి వచ్చిందని 2004లో చెప్పారు. అయినా ఈనాడు ప్రపంచంలో వాడుతున్న అల్యూమినియంలో తుక్కు నుంచి వచ్చేది మూడో వంతు ప్రాంతమే. నలభై ఏళ్ళ కిందట కట్టినవి తక్కువ; ఇప్పుడు కడుతున్నవి ఎక్కువ. ఉన్న పాత లోహం అందరికీ చాలదు. మీరు పాత లోహపు కిటికీ కొంటే, మరొకరు కొత్తది కొనవలసి రావచ్చు. కాని మీ ఇంట్లోనుంచి బయటికి పోయే పాత అల్యూమినియం చెడిపోకుండా పోతే, ఆ మేరకు నిజంగా ఎక్కువవుతుంది.

ఆ పని మీరు చేయగలరు. ఊడదీసిన పాత అల్యూమినియం కిటికీని ఉన్నపళంగా బండివాడికి వేయకండి. అద్దం పెద్దవాళ్ళు తీసేసిన తరవాత, రబ్బరు పట్టీలు లాగేయండి. మరలూ, గడియలూ, కింద ఉండే చిన్న చక్రాలూ విప్పి వేరే డబ్బాలో వేయండి. తరవాత ఒక అయస్కాంతం తీసుకుని బద్దల పొడుగునా జరపండి. అల్యూమినియానికి అది అంటదు. ఇనప మర ఎక్కడైనా మిగిలి ఉంటే టక్కున పట్టుకుంటుంది. ఇలా శుభ్రం చేసిన బద్దలకు కలగలుపు తుక్కుకన్న ఎక్కువ ధర వస్తుంది. ఒక్క జాగ్రత్త: స్టెయిన్‌లెస్ స్టీలు మరల్లో కొన్ని అయస్కాంతానికి అంటవు. వాటిని అరచేతిలో వేసుకుని చూడండి. అంతే పరిమాణం ఉన్న అల్యూమినియం ముక్కకన్న దాదాపు మూడు రెట్లు బరువుంటాయి.